మావోళ్ళు ఓడిపోతారని రాయి బాబూ

నేను ఉద్యోగం విరమించిన రోజున ఆఫీసులో సభ పెట్టి నన్ను తెగ పొగిడారు. ఆటల వార్తలు రాయడంలో నా అంతటివాడు లేడన్నారు. ముందు చూపంటే నాదేనన్నారు. శాలువా కప్పి, రిక్షా ఎక్కించి ఇంటిదాకా వచ్చారు. నేను గుమ్మం బయటే ఆగిపోయి, "ఉప్పూ మిరపకాయలూ పట్రా, దిష్టి తీశాకే లోపలికి వస్తాను" అన్నాను మా ఆవిడతో. దిగబెట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు పకపకా నవ్వారు. ఇంత చదువుకుని ఇదేం చాదస్తం మాస్టారూ అన్నారు.

నవ్వండి నాయనా. మీరు నలభైల్లో నరసన్నపేట వెళ్ళి, అక్కడి జట్టు గెలుస్తుందని రాసి ఉంటే నవ్వేవారు కాదు.

ఆ కుర్రాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారాను అన్నవి ఎవడిక్కావాలి? ఈ పని నాకు నేర్పింది ఒక ముక్కోపి ఎడిటరూ, ఒక రైసు మిల్లు శెట్టిగారూ, ఉడకేసిన వేరుశనక్కాయలు అమ్మే ఒక తల్లీ. వాళ్ళ గురించి చెబుతాను, అందులో పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

గచ్చు మీద ఆట

యుద్ధం రోజుల్లో మా ప్రాంతంలో దిగిన పటాలం వాళ్ళు సాయంత్రాలు బాస్కెట్ బాల్ ఆడేవారు. యుద్ధం అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు గానీ ఆట మా దగ్గరే ఉండిపోయింది. మావాళ్ళు దానికి బుట్టబంతి అని పేరు పెట్టుకున్నారు. ఆడడానికి చదునైన చోటు కావాలి కదా, అది రైసు మిల్లుల్లో దొరికింది. ఉప్పుడు ధాన్యం ఆరబోసే గచ్చులు విశాలంగా, గట్టిగా ఉండేవి. ధాన్యం ఎత్తేసి గచ్చు ఊడిస్తే ఆటల కాలం వచ్చినట్టే. ఇనప చట్రం కమ్మరి చేసిచ్చేవాడు, దానికి వేలాడే వల జాలరి అల్లేవాడు.

ఇక మిల్లు యజమానులకి పంతాలు మొదలయ్యాయి. నరసన్నపేట, బొబ్బిలి, సాలూరు, విజయనగరం, ఈ నాలుగు ఊళ్ళ వాళ్ళూ జీతాలిచ్చి ఆటగాళ్ళని పెట్టుకున్నారు. పేరుకి కాటా గుమాస్తాలు. కాటా దగ్గర ఒక్కపూట నిలబడిన పాపాన పోలేదు. బంతి ఆడడమే వాళ్ళ ఉద్యోగం, దానికి జీతమూ, తలదాచుకోవడానికి మిల్లు వెనక గదీ ఇచ్చేవారు. ఎండల్లో నాలుగు జట్లూ పోటీ పడేవి, గెలిచిన ఊరు కప్పుని ఎడ్లబండి మీద ఊరేగించేది.

మా వారపత్రిక విశాఖపట్నంలో అచ్చయ్యేది. నేను విజయనగరంలో దానికి విలేఖరిని. మా ఎడిటరు గారికి చుట్ట ఆరిపోతే కోపం, వెలిగితే దగ్గు. ఒకనాడు నన్ను పిలిచి ఇలా అన్నారు.

"ఆట అయిపోయాక ఎవడు గెలిచాడో బండి తోలేవాడు కూడా చెబుతాడోయ్. మొదలవకముందు చెప్పు, అప్పుడు నిన్ను విలేఖరి అంటాను. నాలుగు ఊళ్ళూ తిరిగి జోస్యం రాసుకురా."

తిరిగాను. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి అదే, కళ్ళతో చూడనిది రాయకూడదు. మీలో కొందరు టెలిఫోనులో అడిగి ఆట గురించి రాస్తున్నారట. అన్నం తినకుండా రుచి చెప్పడం లాంటిది అది, సిగ్గుచేటు. నేను బొగ్గు ఆవిరితో నడిచే ఆనాటి బస్సుల్లో మసి కొట్టుకుంటూ వెళ్ళి, ఎండలో నిలబడి, నాలుగు జట్ల సాధనా చూశాను.

నరసన్నపేటలో సూరన్న అని ఒక కుర్రాడు. గుమ్మం దగ్గర నడుం వంచితే గాని లోపలికి పట్టని మనిషి. వాడు ఎగిరితే కింద ఉన్న నలుగురూ చేతులు చాపి చూస్తూ ఉండవలసిందే. అంతకుముందు పొలాల్లో కూలికి పోయేవాడు. మిల్లు యజమాని లచ్చయ్య శెట్టిగారు ఒకసారి వాడు బస్తాలు అందించడం చూసి, ఈ చేతులు బంతికి పనికొస్తాయని జట్టులో పెట్టుకున్నారు. తండ్రి లేడు. తల్లి అప్పలనర్సమ్మ, మిల్లు గదిలో కొడుకుతో ఉంటూ, ఆట జరిగే చోట వేరుశనక్కాయలు అమ్ముకునేది. వాడికి బంతి తప్ప ఆ ఊళ్ళో వేరే ఆధారం లేదు.

నేను చూసింది చూసినట్టు రాశాను. ఈ ఏడు కప్పు నరసన్నపేటదే, సూరన్నని ఆపగలవాడు ఈ నాలుగు ఊళ్ళలో లేడు, బొబ్బిలి ఆఖరున వస్తుంది. చక్కటి వాక్యాలు పడ్డాయని నాకు నేనే మురిసిపోయాను.

మంచి రాసినందుకు

పేపరు వచ్చే రోజున పనిగట్టుకుని నరసన్నపేట బస్సెక్కాను. దాచుకోవడం ఎందుకు, దండ వేస్తారేమోనని ఆశపడ్డాను. బస్సు దిగి టీ దుకాణంలోకి వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. బెంచీ మీద జరిగి చోటిచ్చినవాడు లేడు. దుకాణం ఆయన టీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి, "ఏటి బాబూ, మేం నీకేటి అన్నేయం సేసినాం?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మీ జట్టు గెలుస్తుందని రాశాను కదా అన్నాను.

"అదే కదా బాబూ అడుగుతన్నాను!"

అంతలో అప్పలనర్సమ్మ వచ్చింది. పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉన్నాయి. నన్ను చూడగానే నెత్తి బాదుకుంది.

"ఓలమ్మో, నా గుంటడి మీద పేపరేసి సూపించీసినావు గదా బాబూ! బొబ్బిలోళ్ళు సదివీసినారు, సాలూరోళ్ళు సదివీసినారు. ఊళ్ళ కళ్ళన్నీ ఆడి మీదే. నర దిష్టికి నల్లరాయి పగుల్తాదంటారు. నా కొడుకు రాయేటి?"

"నేను మంచే రాశాను కదమ్మా."

"మంచి రాసినావు కాబట్టే ఏడుస్తన్నాను. సెడ్డ రాసుంటే నీ నోట్లో బెల్లం ముక్క ఎట్టేదాన్ని."

నాకు ఒళ్ళు మండింది. మూర్ఖపు జనం అనుకుంటూ తిరుగు బస్సెక్కాను. మర్నాడు విజయనగరంలో నా గది తలుపు కొట్టి, భుజాన పనసపండు పెట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. బొబ్బిలిలో వీణలు చేసే వడ్రంగి, ఆ ఊరి జట్టంటే ప్రాణం. పండు దించి నాకు రెండు చేతులూ జోడించాడు.

"మావోళ్ళు ఆకర్న వస్తారని రాసినారు. మీరు సల్లగుండాలి బాబూ."

తిట్టడానికి వచ్చాడనుకున్నవాడు దీవిస్తున్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "ఇంకొక్క మాట. ఆ నరసన్నపేట కుర్రోడి గురించి ఇంకాస్త గొప్పగా రాయరాదేటి? మీకు ఈసారి ఇంతకంటే పెద్ద పండు తెస్తాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పండు మాత్రం తీపిగా ఉంది.

బుగ్గ మీద చుక్క

ఆ వారమే సూరన్న పడ్డాడు. గచ్చు మీద ఊడవగా మిగిలిన ధాన్యం గింజలు కాలి కింద జారి, ఎగిరినవాడు వంకరగా దిగాడు. చీలమండ మడతపడి వాచిపోయింది. ఊళ్ళో ఎవరూ ఆ గింజలని తిట్టలేదు. అందరూ నన్నే తిట్టారు.

అప్పలనర్సమ్మ ఒక్కతే బస్సెక్కి విజయనగరం వచ్చింది. అంతవరకూ ఆవిడ శ్రీకాకుళం దాటి ఎరగదు. నా గది ముందు చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. ఈసారి కేకలు లేవు.

"మూడు పూటలా దిష్టి తీసినాను బాబూ. మిరపకాయలు నిప్పులో ఏస్తే సిటికెడు గాటు కూడా రాలేదు. గాటు రాలేదంటే ఎంత దిష్టో నీకు తెల్దేటి? సెట్టి గోరు సాలూరు నించి ఇంకో ఆటగాడిని తెస్తారట. నా కొడుకుని తీసెస్తారట. ఈ కాలితో ఆడు మళ్ళీ పొలంలోకి ఎల్లగల్డా? గది కాళీ సేసి ఎక్కడికి ఎల్తాం?"

"నన్నేం చెయ్యమంటావు?"

"మావోళ్ళు ఓడిపోతారని రాయి బాబూ. నా కొడుకు ఎందుకూ పనికిరాడని రాయి. సంటిబిడ్డ బుగ్గ మీద నల్లసుక్క ఎట్టమా? ఆ సుక్క నీ రాతలో ఎట్టు. పేపరుతో తగిలిన దిష్టి పేపరుతోనే దిగాల."

చూడనిది రాయను అన్నాను. మొండిగానే అన్నాను.

"అలగైతే వచ్చి సూడు" అని లేచి నిలబడింది. "బేగి రా, బస్సు ఎల్లిపోతాది."

వెళ్ళాను. మిల్లు గదిలో సూరన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాలికి ఆకు పసరుతో కట్టు. నన్ను చూసి మర్యాదకి లేవబోయి అబ్బా అని కూలబడ్డాడు. కాసేపయ్యాక నా ఎదట ఎగరడానికి ప్రయత్నించాడు. బెత్తెడు కూడా లేవలేదు. ఎగిరినప్పుడు ఆకాశం అందుకునే మనిషి అలా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు నాకు అసలు చిక్కు తెలిసింది. ఆ తల్లి అడిగింది అబద్ధం కాదు. వాడు ఆడలేడన్నది నా కళ్ళ ముందున్న నిజమే, రాయొచ్చు. కానీ అది రాస్తే శెట్టిగారు చదువుతారు. సూరన్న పని అయిపోయిందని పేపర్లోనే పడ్డాక ఇంక వాడిని ఉంచుకోవడానికి ఆయనకి సాకు ఏముంటుంది? కొడుకు ఉద్యోగం నిలబెట్టమని వచ్చి, దాన్ని పోగొట్టే రాతే ఆవిడ నా చేత రాయించుకుంటోంది. ఆ మాటే ఇద్దరికీ విడమరిచి చెప్పాను.

సూరన్న తల వంచుకున్నాడు. "రాయీండి బాబూ. అమ్మకి నిద్ర లేదు" అన్నాడు.

"ముందు దిష్టి దిగనీ" అంది తల్లి. "కాలు నిలబడితే ఎక్కడో అక్కడ కూడు దొరుకుతాది. కాలే పోతే?"

రాశాను. నరసన్నపేట ఆశలు వదులుకోవచ్చు, సూరన్నకి నిలబడడమే కష్టంగా ఉంది, ఈ జట్టు ఆఖరి స్థానానికి పోటీ పడుతుంది.

ఎడిటరు గారి దగ్గరికి తీసుకెళ్తే, చుట్ట పక్కన పెట్టి చదివారు. కిందటి వారం రాసినదానికి పూర్తిగా తిరగబడ్డాను కదా, జనం నవ్వుతారేమోనండీ అన్నాను.

"నవ్వనీ. మారింది వాడి కాలు, నీ నిజాయితీ మారలేదుగా" అన్నారు. తిట్టడం తప్ప ఎరగని మనిషి నోట ఆ మాట విని నా గుండె నిబ్బరపడింది. పై అధికారి అంటే అలా ఉండాలి. మీరు ఆ కుర్చీల్లోకి వెళ్ళినప్పుడు గుర్తుపెట్టుకోండి.

శెట్టిగారి కబురు

పేపరు వచ్చిన రోజే శెట్టిగారి నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని. బస్సులో ఉన్నంతసేపూ నా మనసు మనసులో లేదు. ఆ తల్లీకొడుకులు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని మిల్లు గేటు దాటుతున్నట్టే కనపడేది.

శెట్టిగారు మిల్లు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పేపరు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ.

"కూకో. ఇది నువ్వే రాసినావా?"

"అవునండీ. నా కళ్ళతో చూసి రాశాను. కానీ ఆ కుర్రాడికి..."

"ఆగు." పేపరు మడిచి కళ్ళకద్దుకున్నారు. నేను తెల్లబోయాను. "పొద్దుట్నించి నాలుగుసార్లు సదివించుకున్నాను. పనికిరాడు, నిలబడలేడు, ఆకరి తానం. ఎంత బాగా రాసినావు బాబూ! సాలూరోడ్ని రావొద్దని కబురెట్టీసినాను."

"మరి సూరన్న కాలు?"

"కాలుదేటుంది? కట్టు కడితే తగ్గుతాది. దానికోసం ఎవుడు తీసెస్తాడు? దిష్టి తగిలినోడు జట్టులో ఉంటే మిగతా నలుగురికీ అంటుతాదని బయపడినాను. ఇప్పుడు దిగిపోనాది. అచ్చేసి ఊరూరా పంచినావు, ఇంతకంటే బాగా దిష్టి తీసినోడు ఎవుడు?"

నేను వారం రోజులుగా బెంగపడినదేమిటి, ఆయన బెంగపడినదేమిటి! అరుగు దిగి వస్తుంటే గది బయట అప్పలనర్సమ్మ కనిపిస్తే సంగతి చెప్పాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాను సెప్పనేదా?" అని వేరుశనక్కాయల కుండ కింద మంట ఎగదోసింది.

ఒక మాట ఇక్కడే చెప్పెయ్యనీండి. జట్టుని ప్రేమించేవాడు మన జోస్యం చదివేది ఎవరు గెలుస్తారో తెలుసుకోడానికని మీరు అనుకుంటారు. ఒట్టిమాట. వాడికి తన జట్టు బిడ్డ. మీరు బిడ్డని ఎత్తుకున్నప్పుడు తల్లి మీ చేతుల వంక చూస్తుందే, అలా చూస్తూ చదువుతాడు వాడు. దిష్టి ఉందా లేదా అని నాతో వాదించకండి, నాకు తెలియదు. ఆ చూపు మాత్రం నేను చూశాను.

తిట్ల పండగ

ఆటలు మొదలయ్యాయి. సూరన్న మొదట కూర్చుని చూశాడు, తరువాత కాసేపు కాసేపు ఆడాడు. మిగిలిన నలుగురూ ప్రాణం పెట్టి లాక్కొచ్చి, నరసన్నపేటని కప్పు పోటీ దాకా చేర్చారు. ఎదట జట్టు బొబ్బిలి. ఆఖరున వస్తుందని నేను రాసిన బొబ్బిలే!

ఆట నరసన్నపేట గచ్చు మీద. ఎడిటరు గారు కూడా చూడాలని వచ్చారు. గోడల మీదా, బస్తాల మీదా జనం. సూరన్న బంతి పట్టుకోగానే బొబ్బిలి వాళ్ళందరూ ఒక్కసారి లేచారు.

"ఆహా! ఏం కుర్రోడు! దేవుడే దిగొచ్చినాడు!" పనసపండు పెద్దాయన గొంతు అందరికంటే పైన ఉంది.

వెంటనే నరసన్నపేట వాళ్ళు గోల పెట్టారు. "ఒరే దున్నపోతా! నీకు బంతి పట్టుకోడం ఎవుడు నేర్పినాడ్రా! పోయి గేదెలు కాసుకో!" వాడు బంతిని వలలో వేస్తే ఇంకా గట్టిగా తిట్టారు.

ఎడిటరు గారు నా చెవిలో, "వీళ్ళ జట్టంటే వీళ్ళకే ఇంత అసహ్యమేమిటోయ్?" అన్నారు. వివరం చెప్పేసరికి ఆయన చుట్ట నోట్లోంచి జారి పడింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది.

చివరికి బొబ్బిలి ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి బంతి సూరన్న చేతికొచ్చింది. కాలి నొప్పి ఓర్చుకుని ఎగిరాడు. బాగా ఎగిరాడు. బంతి ఇనప చట్రం చుట్టూ తిరిగి, లోపల పడబోయి, బయటికి దొర్లిపోయింది.

బొబ్బిలి వాళ్ళు కప్పు మీద పడ్డారు. సూరన్న గచ్చు మధ్యలో తల వంచుకుని నిలబడ్డాడు. శెట్టిగారు అరుగు దిగి మెల్లగా వాడి దగ్గరికి నడిచారు. అప్పలనర్సమ్మ కుండ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. జట్టుని ఓడించినవాడిని ఉంచుకుంటారా, పొమ్మంటారా అన్నది శెట్టిగారి నోటి మాట మీద ఉంది.

శెట్టిగారు వాడిని కిందనుంచి పైదాకా చూసి, ఊరంతా వినేటట్టు అరిచారు.

"ఒరే సూరన్నా! నీయంత పనికిమాలినోడ్ని నా బతుకులో సూళ్ళేదు. వచ్చే ఏడు కూడా నిన్ను ఎట్టుకుని సావాల. నా కరమ!"

సూరన్న చేతులు జోడించాడు. తల్లి కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. అయినా తడుముకోకుండా అందుకుంది, "అవును బాబూ, ఒట్టి పనికిమాలినోడు. ఆడి బాబు కూడా అలగే ఉండీవోడు!" జనం అప్పుడు ఊపిరి పీల్చుకుని నవ్వారు.

నేను బస్సు కోసం బయల్దేరుతుంటే అప్పలనర్సమ్మ అడ్డం వచ్చింది. నా చొక్కా జేబులు రెండూ వేడి వేరుశనక్కాయలతో నింపింది. జేబులు తడిసి నీళ్ళు కారుతున్నాయి. తరువాత జనం వైపు తిరిగి నన్ను వేలెట్టి చూపించింది.

"ఈ పేపరు బాబు ఉన్నాడే, ఈ బాబుకి రాయడం రాదు! గెలుస్తామన్నాడు, గెలవనేదు. ఆకర్న వస్తామన్నాడు, రానేదు. బొబ్బిలోళ్ళు ఆకర్నన్నాడు, కప్పట్టుకుపోనారు. ఒక్కటీ నిజమవనేదు. ఇలాటి ఎందుకూ పనికిరానోడు ఎక్కడా ఉండడు!"

"ఉండడు, ఉండడు!" అన్నారు అందరూ. శెట్టిగారు కూడా తల ఊపారు. మొదటి జోస్యం అచ్చయిన రోజున బెంచీ మీద చోటివ్వని మనుషులే.

ఆవిడ అంతటితో వదల్లేదు. వంగి, కుండ అడుగున వేలితో మసి తీసి, నా బుగ్గ మీద చుక్క పెట్టింది.

"ఎల్లు బాబూ. బస్సు ఎల్లిపోతాది."

విజయనగరం దాకా బస్సులో జనం నన్ను వింతగా చూస్తూనే ఉన్నారు. నేను తుడుచుకోలేదు.